ఇంగ్లీషు మాట ‘కీ’: తరచుగా అడిగే ప్రశ్నలు

తాళం తీసేదీ కీయే, పియానో మీద నొక్కేదీ కీయే, పరీక్ష రాసొచ్చాక టెన్షన్‌తో వెతుక్కునేదీ కీయే. డిక్షనరీ తెరిస్తే అర్థాలన్నీ వరసగా ఉంటాయి. ఏ అర్థం ఎక్కడినుంచి వచ్చిందో, ఏది ఎక్కడ వాడాలో, పక్కన ఏ మాట రావాలో మాత్రం అక్కడ తేలిగ్గా దొరకదు. ఎక్కువమందికి వచ్చే సందేహాలు ఇక్కడ ఉన్నాయి. కొన్నిటికి రెండు వాక్యాలు చాలు, కొన్నిటి దగ్గర కాస్త ఆగాలి.

అసలు అర్థం తాళంచెవే కదా? మిగతావన్నీ ఎలా వచ్చాయి?

అవును, తాళంచెవే మొదటిది. పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఆ అర్థం ఉంది. అప్పట్లోనే ఇంకో అర్థమూ మొదలైంది: మూసి ఉన్న విషయాన్ని విప్పి చెప్పేది ఏదైనా కీయే. జవాబుల కీ, మ్యాపు కీ, రహస్య లిపి కీ ఈ కోవలోవి. ఆ తర్వాత ఇంకో పక్కకూ అర్థం సాగింది. చిన్నదే అయినా మొత్తం వ్యవహారం దాని మీదే ఆధారపడి ఉంటే అదీ కీ అయింది. ‘కీ పాయింట్’, ‘కీ విట్నెస్’ అలా పుట్టినవే.

సంగీతంలో కీ, కీబోర్డులో కీ మాత్రం ఈ రెండు దారుల్లోనూ ఇమడవు. అవి లాటిన్ మీదుగా తిరిగి వచ్చాయి. ఆ సంగతి సంగీతం ప్రశ్నలో ఉంది.

కొత్త వాక్యంలో ఈ మాట ఎదురైతే, ‘ఇది దేన్ని తెరుస్తోంది, లేదా దేన్ని నిర్ణయిస్తోంది?’ అని అడుక్కుంటే చాలావరకు తేలిపోతుంది. అప్పటికీ తేలకపోతే పక్కనున్న క్రియ చూడండి. ‘టర్న్’ ఉంటే తాళంచెవి, ‘ప్రెస్’ ఉంటే మీట, ‘ప్లే ఇన్’ ఉంటే సంగీతం, ‘జెనరేట్’ ఉంటే కంప్యూటర్ భద్రత.

‘కీ ఆఫ్ ద డోర్’ అనాలా, ‘కీ టు ద డోర్’ అనాలా?

‘కీ టు’ అనాలి. మనం ‘తలుపు తాళంచెవి’, ‘బీరువా తాళంచెవి’ అంటాం కాబట్టి ‘ఆఫ్’ పెట్టబుద్ధవుతుంది. ఇంగ్లీషులో మాత్రం ‘ఆన్సర్ టు’, ‘సొల్యూషన్ టు’, ‘ఎంట్రెన్స్ టు’ ఎలాగో ‘కీ టు’ కూడా అంతే. ‘కీ ఫర్’ కూడా అంటారు, తప్పేమీ కాదు. అసలు విభక్తి గొడవే వద్దనుకుంటే రెండు నామవాచకాలు కలిపేయండి: ‘కార్ కీ’, ‘హౌస్ కీ’, ‘రూమ్ కీ’.

తాళంచెవి కాక ఉపాయం, మర్మం అనే అర్థంలో వాడినప్పుడు కూడా ‘టు’ తప్పదు. దాని తర్వాత క్రియ వస్తే చివర ‘ఇంగ్’ ఉండాలి. ‘ద కీ టు లెర్నింగ్ ఎ లాంగ్వేజ్’ సరైనది, ‘ద కీ టు లెర్న్’ కాదు. నేను చూసినంతలో మనవాళ్ళ రాతల్లో ఈ మాట దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

భద్రంగా తాళం వేసి ఉంచిన వస్తువు గురించి చెప్పేటప్పుడు ‘అండర్ లాక్ అండ్ కీ’ అంటారు. దీంట్లో ‘ఎ’, ‘ద’ ఏవీ రావు.

‘తాళాలు ఎక్కడ పెట్టావు?’ అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

‘వేర్ డిడ్ యు పుట్ ద కీస్?’ అనే. తెలుగులో మాట్లాడేటప్పుడు తాళాన్నీ తాళంచెవినీ మనం ఒకే పేరుతో పిలిచేస్తాం. ‘బండి తాళం ఇవ్వు’ అంటే బండికి వేసే తాళం కాదు, దాని తాళంచెవి. ‘ఇంటి తాళాలు పోయాయి’ అన్నా పోయినవి చెవులే. ఆ అలవాటులో ‘లాక్స్ ఆర్ మిస్సింగ్’ అన్నారనుకోండి, తలుపుకున్న తాళాలను ఎవరో ఊడబెరుక్కుపోయారని వినేవాళ్ళు అనుకుంటారు.

ఇంకో చిక్కు ‘తాళం వేయడం’. ఇంగ్లీషులో ‘లాక్ ద డోర్’ అంటే సరిపోతుంది, ‘పుట్ ద లాక్’ అనరు. తాళంచెవి లోపలే పెట్టి తలుపు మూసుకుపోతే, ఉన్నవాడు బయట చిక్కుకుపోతే, ‘లాక్‌డ్ అవుట్’ అంటారు.

తాళంచెవి మీద ఆ గాట్లు ఎందుకు?

ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కంప్యూటర్ భద్రతలో కీ అనే మాట ఎందుకంత చక్కగా అతుక్కుందో ఇక్కడ తెలుస్తుంది.

తలుపులకు మామూలుగా కనిపించే తాళాల్లో ‘పిన్ టంబ్లర్’ రకం ఎక్కువ. బయట కదలని డొల్ల, దాని లోపల తిరిగే గుండ్రటి భాగం ఉంటాయి. తాళంచెవి దూరేది ఈ లోపలి భాగంలోకే. రెండిటినీ కలుపుతూ పైనుంచి కిందికి వరసగా సన్నటి రంధ్రాలు ఉంటాయి, సాధారణంగా ఐదో ఆరో. ప్రతి రంధ్రంలోనూ ఒకదాని మీద ఒకటి రెండు పిన్నులు, వాటి మీద చిన్న స్ప్రింగు. కింది పిన్నులు ఒక్కోటి ఒక్కో పొడవు. తాళంచెవి లేనప్పుడు స్ప్రింగు నొక్కడం వల్ల పై పిన్ను సగం డొల్లలో, సగం లోపలి భాగంలో నిలబడి, లోపలి భాగాన్ని తిరగనివ్వదు.

సరైన చెవి దూరిస్తే దాని గాట్లు ఒక్కో జతను ఒక్కో ఎత్తుకు లేపుతాయి. పై పిన్నుకూ కింది పిన్నుకూ మధ్య సందు సరిగ్గా డొల్ల అంచు దగ్గరికి వస్తుంది. అన్ని జతలూ ఒకేసారి అలా కుదిరితేనే లోపలి భాగం తిరుగుతుంది. ఒక్క గాటు కాస్త లోతు ఎక్కువైనా, తక్కువైనా కదలదు.

అంటే తాళంచెవిలో అసలు సరుకు ఆ గాట్ల లోతుల వరస. దాన్ని ఐదారు అంకెలుగా రాసుకోవచ్చు. ఆ అంకెలు తెలిస్తే అసలు చెవి చేతిలో లేకుండానే ఇంకోటి కోసేయవచ్చు. కొత్త ఇంటి తాళంచెవి ఫొటో సంతోషంగా నెట్‌లో పెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. ఫొటో స్పష్టంగా ఉంటే గాట్ల లోతులు దాంట్లోంచే కొలవచ్చు.

ఈ కిటుకు పురాతన ఈజిప్టు చెక్క తాళాల్లోనే ఉంది. దాన్ని ఇప్పటి చదునైన చిన్న చెవితో లోహపు తాళంగా మలిచినవాడు అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్. ఆయన పేటెంట్లు 1861, 1865 నాటివి.

మాస్టర్ కీ, స్కెలిటన్ కీ, స్పేర్ కీ ఒకటేనా?

మూడూ వేరు. స్పేర్ కీ అంటే మారుతాళంచెవి. మనం ‘డూప్లికేట్ కీ’ అంటాం, అదీ అర్థమవుతుంది. మాస్టర్ కీ అంటే ఒకే భవనంలో వేరువేరు చెవులున్న తాళాలన్నిటినీ తీసేది. ఆ తాళాల్లో కొన్ని పిన్నులను రెండు బదులు మూడు ముక్కలుగా చేస్తారు. దాంతో ఒక్కో జత రెండు ఎత్తుల దగ్గర సరిపోతుంది: ఒకటి గది చెవికి, రెండోది మాస్టర్ చెవికి. సౌకర్యం పెరిగిన మేరకు భద్రత తగ్గుతుంది. అనుకోకుండా ఆ తాళాన్ని తీయగలిగే ఎత్తుల కలయికలు కూడా పెరుగుతాయి మరి.

స్కెలిటన్ కీ పాతకాలపు తాళాలది. ఆ తాళాల్లో పిన్నులు ఉండవు. తప్పు చెవి తిరగకుండా లోపల అడ్డుపట్టీలు ఉంటాయి. వాటికి తగిలే భాగాలన్నీ అరగదీసి, అస్థిపంజరంలా మిగిల్చిన చెవి ఆ రకం తాళాలు చాలావాటిని తీసేస్తుంది.

ఎలెన్ కీ ఏ తాళమూ తీయదు కదా, దానికి ఆ పేరెందుకు?

తిప్పే పనికి వాడే పనిముట్టుకు కూడా కీ అని పేరు. ఎలెన్ కీ అంటే ‘ఎల్’ ఆకారంలో వంచిన ఆరు పలకల కడ్డీ. బ్రిటిష్ వాళ్ళు ఎలెన్ కీ అంటే అమెరికన్లు ఎలెన్ రెంచ్ అంటారు. డ్రిల్లింగ్ మిషన్ నోరు బిగించేది చక్ కీ. ఇది బిట్టు మార్చాక అక్కడే మరిచిపోయి స్విచ్ వేస్తే ఎగిరొచ్చి తగులుతుంది, జాగ్రత్త.

గోడ గడియారానికి, బొమ్మకు మనం ‘కీ ఇస్తాం’. ఇంగ్లీషులో ‘గివ్ కీ’ అంటే ఎవరికీ అర్థం కాదు. ‘వైండ్ ద క్లాక్’, ‘వైండ్ అప్ ద టాయ్’ అనాలి. అలాంటి బొమ్మ ‘వైండప్ టాయ్’.

మెకానిక్కులు వాడే ఇంకో కీ ఉంది. షాఫ్టుకూ దాని మీద బిగించిన పుల్లీకీ లేదా గేరుకూ గాడి తీసి, రెండు గాళ్ళలోనూ పడేలా పెట్టే చిన్న ఇనుప ముక్క అది. షాఫ్టు తిరిగితే పుల్లీ జారిపోకుండా వెంట తిప్పేది ఇదే. గాడిని ‘కీ వే’ అంటారు. లోడు మరీ ఎక్కువైనప్పుడు షాఫ్టో గేరో విరగకుండా ముందు ఈ ముక్కే తెగిపోయేలా చాలాచోట్ల కావాలనే డిజైన్ చేస్తారు.

కీబోర్డు కీని ‘ప్రెస్’ చేయాలా, ‘హిట్’ చేయాలా, ‘టైప్’ చేయాలా?

కీని ప్రెస్ చేస్తారు, మామూలు మాటల్లో హిట్ చేస్తారు. టైప్ చేసేది కీని కాదు, అక్షరాలను. వదలకుండా పట్టి ఉంచాలంటే ‘హోల్డ్ డౌన్’. ‘కీ ఇన్’ అనే క్రియ కూడా ఉంది గానీ అది ఎక్కువగా అంకెలకు, కోడ్‌లకు వాడతారు: ‘కీ ఇన్ యువర్ పిన్’.

కొన్ని కీల పేర్లలో పాత టైప్‌రైటర్ ఇంకా బతికే ఉంది. 1878లో వచ్చిన రెమింగ్టన్ నంబర్ 2లో ఒక్కో లోహపు అచ్చు మీద చిన్నక్షరం, పెద్దక్షరం రెండూ ఉండేవి. షిఫ్ట్ నొక్కితే కాగితం ఉన్న భాగం నిజంగానే కాస్త జరిగి రెండో అక్షరం పడే చోటికి వచ్చేది. ఇప్పుడు జరిగేదేమీ లేదు, పేరు మాత్రం మిగిలింది. ఇప్పటి కీబోర్డు అక్షరాల వరస, అంటే క్వెర్టీ అమరికకు క్రిస్టఫర్ షోల్స్ పేటెంటు వచ్చింది కూడా 1878లోనే.

ఎఫ్, జె కీల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, చూపుడు వేళ్ళు చూడకుండా తమ చోటు పట్టుకోవడానికి. ‘ప్రెస్ ఎనీ కీ’ అని తెర మీద వస్తే ఏ కీ అయినా నొక్కమని. ‘ఎనీ’ అని రాసున్న కీ కోసం వెతికినవాళ్ళ జోకు కంప్యూటర్లంత పాతది.

సంగీతంలో కీ అంటే మెట్టా, శ్రుతా?

రెండూ. సందర్భాన్ని బట్టి.

చేత్తో నొక్కేది అన్నప్పుడు అది మెట్టు. మామూలు పియానోకు 88 కీలు: 52 తెల్లవి, 36 నల్లవి. ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోన్ మీద రంధ్రాలు మూసి తెరిచే లోహపు మీటలను కూడా కీలనే అంటారు.

‘వాట్ కీ ఈజ్ దిస్ సాంగ్ ఇన్?’ అని అడిగితే అది వేరే ప్రశ్న. పాట ఏ స్వరాన్ని ఆధారం చేసుకుని, ఏ స్వరాల వరసలో నడుస్తోందని. శ్రుతి అని చెప్పేస్తే సగమే అవుతుంది. శ్రుతి ఆధార షడ్జం ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. ఆ పైన ఏ స్వరాలు వాడాలో రాగం చెబుతుంది. పాశ్చాత్య సంగీతంలో కీ ఈ రెండు పనుల్లోనూ కొంత కొంత చేస్తుంది. సి మేజర్, సి మైనర్ రెండిటికీ ఆధార స్వరం సి యే. కానీ వరసలు వేరు కాబట్టి అవి రెండు వేరువేరు కీలు.

స్వరలిపి మొదట్లో ఉండే షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పెంచేది), ఫ్లాట్ (అర మెట్టు తగ్గించేది) గుర్తుల గుంపును ‘కీ సిగ్నేచర్’ అంటారు. సి మేజర్‌కు ఏ గుర్తూ ఉండదు, జి మేజర్‌కు ఒక షార్ప్, ఎఫ్ మేజర్‌కు ఒక ఫ్లాట్. నేర్చుకునేవాళ్ళు ఇక్కడ ఒకచోట తడబడతారు: గుర్తులు చూసి కీ చెప్పేయొచ్చు అనుకుంటారు. ఎ మైనర్‌కు కూడా గుర్తులు ఉండవు. సి మేజరో, ఎ మైనరో తేల్చాలంటే పాట ఏ స్వరం మీద వాలి స్థిరపడుతోందో వినాలి.

‘ఇన్ కీ’ అంటే స్వరం కుదిరిందని, ‘ఆఫ్ కీ’ అంటే అపస్వరం పలికిందని. ఆధార స్వరాన్ని ‘కీనోట్’ అంటారు. సభకు మూల విషయాన్ని అందించే ప్రసంగం ‘కీనోట్ స్పీచ్’ అయింది దీన్నించే.

ఈ అర్థాలు వచ్చిన దారి లాటిన్. మధ్యయుగపు సంగీత శాస్త్రకారులు స్వరాన్ని సూచించే అక్షరాన్ని ‘క్లావిస్’ అనేవారు, లాటిన్‌లో తాళంచెవి అని. అదే ఇంగ్లీషులో కీగా మారి ముందు స్వరానికి, ఆపైన దాన్ని పలికించే మీటకు, స్వరాల వరసకు అంటుకుంది. స్వరలిపి గీతల మొదట ఉండే గుర్తు ‘క్లెఫ్’ కూడా ఫ్రెంచిలో తాళంచెవే.

‘క్లావిస్’ నుంచి ఇంకేమైనా మాటలు వచ్చాయా?

మెడకింది ఎముకను డాక్టర్లు క్లావికిల్ అంటారు, చిన్న తాళంచెవి అని. పోప్‌ను ఎన్నుకునే సమావేశం ‘కాన్‌క్లేవ్’ అంటే తాళం వేసిన గది. దాని వెనక నిజంగానే తాళం ఉంది. ఇటలీలోని విటెర్బోలో 1268లో మొదలైన ఎన్నిక 1271 వరకు తెమల్లేదు. విసిగిపోయినవాళ్ళు పోప్‌ను ఎన్నుకునే చర్చి పెద్దలైన కార్డినల్స్‌ను లోపల పెట్టి తలుపులు బిగించారు. అలా ఎన్నికైన పదో గ్రెగరీ 1274లో ఇకపై ఎన్నికలన్నీ మూసిన తలుపుల వెనకే జరగాలని నియమం పెట్టాడు. వాటికన్ జెండా మీద కనిపించే రెండు తాళంచెవులు, ఒకటి బంగారు రంగు, ఒకటి వెండి రంగు, వేరే సంగతి. క్రీస్తు పేతురుకు పరలోక రాజ్యపు తాళంచెవులు ఇస్తానన్న మత్తయి సువార్త మాటకు అవి గుర్తు.

ఆన్సర్ కీ, మ్యాప్ కీ, మొక్కల కీ: ఇవన్నీ ఒకటేనా?

ఒకే కుటుంబం. ఆన్సర్ కీ సరైన జవాబుల పట్టిక. ‘ప్రిలిమినరీ కీ’ అంటే అభ్యంతరాలు తీసుకోకముందు విడుదల చేసేది, ‘ఫైనల్ కీ’ అంటే తేలిపోయినది. ఇక్కడ కూడా ‘కీ టు ద టెస్ట్’ అనే అంటారు. మ్యాపులో ఏ గుర్తు దేనికో చెప్పే చిన్న డబ్బా కీ, దాన్నే లెజెండ్ అనీ అంటారు.

ఈ కుటుంబంలో నాకు బాగా నచ్చేది వృక్షశాస్త్రజ్ఞుల కీ. తెలియని మొక్క చేతిలో ఉంది. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? ఎదురెదురుగా ఉంటే ఫలానా ప్రశ్నకు వెళ్ళు. అంచు రంపంలా ఉందా, నున్నగా ఉందా? ఇలా ప్రతి మెట్టు దగ్గరా రెండిట్లో ఒకటి ఎంచుకుంటూ పోతే చివర పేరు దగ్గర తేలతాం. 1778లో ఫ్రాన్స్ మొక్కల మీద రాసిన గ్రంథంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ ఈ పద్ధతిని వాడి ప్రాచుర్యంలోకి తెచ్చాడు. మొదటి ప్రశ్నకు తప్పు జవాబిస్తే మాత్రం ఎంత జాగ్రత్తగా నడిచినా వేరే మొక్క దగ్గరికే చేరతాం.

పాస్‌వర్డ్‌కూ ఎన్‌క్రిప్షన్ కీకీ తేడా ఏమిటి?

పాస్‌వర్డ్ మనిషి ఎంచుకుని గుర్తుపెట్టుకునేది. కీ అంటే మెషిన్ వాడే పొడవైన సంఖ్య, సాధారణంగా యాదృచ్ఛికంగా తయారైనది. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారాన్ని ఇతరులకు అర్థం కాకుండా గజిబిజి చేయడం. ఏ పద్ధతిలో చేయాలో అల్గారిదమ్ చెబుతుంది, ఈసారికి ఏ గజిబిజి అన్నది కీ చెబుతుంది. పిన్నుల అమరిక అందరికీ తెలిసినా గాట్ల లోతులు తెలియనివాడికి తలుపు తెరుచుకోనట్టే. 1883లో ఆగస్ట్ కెర్కోఫ్స్ సైనిక రహస్య లిపి గురించి రాస్తూ దీన్నే సూత్రంగా చెప్పాడు: పద్ధతి మొత్తం శత్రువు చేతిలో పడినా కష్టం రాకూడదు, దాచాల్సింది కీ ఒక్కటే. నేటి ఎన్‌క్రిప్షన్ అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. ‘మా పద్ధతి ఎవరికీ తెలియదు, అందుకే భద్రం’ అని ఎవరైనా అమ్మజూపితే అనుమానించండి.

కీ ఎంత పొడవుండాలి? 1977లో అమెరికా ప్రమాణంగా తీసుకున్న డెస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో కీ పొడవు 56 బిట్లు, అంటే 0 లేదా 1 అయిన 56 అంకెలు. అంటే సుమారు 720 కోట్ల కోట్ల కీలు సాధ్యం. అప్పట్లో అది పెద్ద సంఖ్యే. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ తయారుచేసిన మెషిన్ ఒక్కో కీ ప్రయత్నిస్తూ పోయి 56 గంటల్లో సరైనది పట్టేసింది. 2001లో దాని స్థానంలో వచ్చిన ఏఈఎస్ కీలు 128, 192, 256 బిట్లవి. ఒక్క బిట్ పెరిగితే వెతకాల్సిన కీల సంఖ్య రెట్టింపు అవుతుంది కాబట్టి 56కూ 128కీ మధ్య తేడా అంకెల్లో కనిపించేంత చిన్నది కాదు.

పబ్లిక్ కీ అంటే అందరికీ తెలిసిన కీ. అందరికీ తెలిస్తే ఇక రహస్యం ఎక్కడిది?

మంచి ప్రశ్న. మామూలు తాళంచెవికి లేని గుణం ఇక్కడ ఉంది. వేసే కీ వేరు, తీసే కీ వేరు. రెండూ జంటగా పుడతాయి. పబ్లిక్ కీతో గజిబిజి చేసిన సందేశాన్ని దాని జంట అయిన ప్రైవేట్ కీ మాత్రమే విప్పగలదు. కాబట్టి పబ్లిక్ కీని ఎవరికైనా ఇచ్చేయవచ్చు. పబ్లిక్ కీ చూసి ప్రైవేట్ కీని లెక్కగట్టడం ఆచరణలో అసాధ్యమయ్యేలా గణితం ఎంచుకుంటారు. డిజిటల్ సంతకంలో వరస తిరగబడుతుంది: ప్రైవేట్ కీతో సంతకం చేస్తారు, పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూసుకుంటారు.

ఈ ఆలోచనను 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రచురించారు. మరుసటేడే రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ ముగ్గురూ కలిసి ఆర్‌ఎస్‌ఏ పద్ధతి తయారుచేశారు.

ఇప్పుడు ఫోన్లలో కనిపించే ‘పాస్‌కీ’ ఈ జంట కీల మీదే పనిచేస్తుంది. ప్రైవేట్ కీ మన దగ్గరే ఉంటుంది, వెబ్‌సైట్‌కు పబ్లిక్ కీ మాత్రమే వెళ్తుంది. అక్కడ దొంగలు పడ్డా లాగిన్ కావడానికి పనికొచ్చేది ఏదీ దొరకదు. అన్నట్టు పాస్‌కీ అనే మాట కొత్తది కాదు, పాత ఇంగ్లీషు నవలల్లో అది హోటల్ నౌకర్ల దగ్గరుండే మాస్టర్ కీ.

డేటాబేస్‌లో ప్రైమరీ కీ దేన్ని తెరుస్తుంది?

ఏమీ తెరవదు, పట్టికలోని ఒక వరసను మిగతావాటి నుంచి వేరు చేసి చూపిస్తుంది. ఒకే పేరున్న ఇద్దరిని కలిపేయకుండా ఉండాలంటే ప్రతి వరసకూ ఇంకెక్కడా రాని విలువ ఒకటి ఉండాలి. అదే ప్రైమరీ కీ. ఆ విలువ ఇంకో పట్టికలో కనిపిస్తే అక్కడ అది ఫారిన్ కీ. ఈ పేర్లు ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970 నాటి వ్యాసం నుంచి వచ్చాయి. కొత్తగా డేటాబేస్ తయారుచేసేవాళ్ళు ఫోన్ నంబర్‌నో ఈమెయిల్‌నో ప్రైమరీ కీ చేసేస్తారు. మనిషి నంబర్ మార్చిన రోజున అసలు తలనొప్పి మొదలవుతుంది. అర్థం లేని వరస సంఖ్య పెట్టుకోవడమే మేలు.

‘దిస్ ఈజ్ వెరీ కీ’ అనవచ్చా?

వద్దు. నామవాచకం ముందు విశేషణంలా ‘కీ ఇష్యూ’, ‘కీ రోల్’ బాగుంటాయి. ‘టైమింగ్ ఈజ్ కీ’ అని వాక్యం చివర పెట్టడం కూడా ఇప్పుడు మామూలే. ‘వెరీ కీ’, ‘మోర్ కీ’ మాత్రం చెవికి ఎబ్బెట్టుగా ఉంటాయి, ‘వెరీ ఇంపార్టెంట్’ అనండి. బహువచనంలో ‘కీ పాయింట్స్’ అవుతుంది, ‘కీస్ పాయింట్స్’ కాదు. ‘మెయిన్ కీ పాయింట్’ అంటే ఒకే మాట రెండుసార్లు అన్నట్టు.

తెలుగులో ‘కీలకం’ ఈ కీ నుంచే వచ్చిందా?

కాదు. చూడ్డానికి అతికినట్టుంటుంది, అర్థం కూడా దగ్గరే, కానీ చుట్టరికం లేదు. కీలకం సంస్కృతంలోని ‘కీల’ నుంచి వచ్చింది, మేకు, గూటం అని. ఇంగ్లీషు మాట మనకు రాకముందు నుంచీ అది ఉంది.

ప్రింటింగ్‌లో సిఎంవైకె అంటే సయాన్, మెజెంటా, ఎల్లో. ‘కె’ బ్లాక్‌లోని చివరి అక్షరమేనా?

చాలామంది అలాగే చెబుతారు గానీ ‘కె’ అంటే కీ. బొమ్మలోని గీతలు, వివరాలు ఎక్కువగా మోసే నల్ల ప్లేటును కీ ప్లేట్ అనేవారు. మిగతా రంగుల ప్లేట్లను దానికి సరిగ్గా కుదిరేలా అమర్చేవారు.

ఫొటోగ్రఫీలో ‘లో కీ’ అంటే చీకటి ఎక్కువున్న చిత్రం, ‘హై కీ’ అంటే వెలుగు నిండినది. మనిషినో వేడుకనో ‘లో కీ’ అంటే ఆర్భాటం లేదని. వీడియోలో పచ్చ తెరను తీసేసి వెనక వేరే దృశ్యం పెట్టే పద్ధతి ‘క్రోమా కీ’. అక్కడ కీ అంటే ఏ రంగును తీసేయాలో చెప్పే గుర్తు.

‘టర్న్‌కీ ప్రాజెక్ట్’ అంటే?

అన్నీ పూర్తిచేసి చేతికి ఇచ్చే కాంట్రాక్టు. తీసుకున్నవాళ్ళు తాళంచెవి తిప్పి లోపలికి వెళ్ళడమే మిగులుతుంది. ఒకప్పటి ఇంగ్లీషులో టర్న్‌కీ అంటే జైలు తాళాలు వేసి తీసే కాపలాదారు. పాత పుస్తకాలు చదివేటప్పుడు తికమకపడకండి.

ఎంజైముల పాఠంలో ‘లాక్ అండ్ కీ’ ఏమిటి?

ఒక ఎంజైము ఏ పదార్థం మీద పడితే దాని మీద పనిచేయదు, ఆకారం సరిపోయినదాని మీదే పనిచేస్తుంది. దీన్ని 1894లో ఎమిల్ ఫిషర్ తాళం, తాళంచెవి పోలికతో చెప్పాడు. 1958లో డేనియల్ కోష్లాండ్ దాన్ని సవరించాడు: పదార్థం తగిలినప్పుడు ఎంజైము కూడా కాస్త ఆకారం మార్చుకుని సర్దుకుంటుందని. పరీక్షలో రెండూ రాయండి.

బాస్కెట్‌బాల్ కోర్టులో కీ ఎక్కడుంది?

బుట్ట కింద గీసిన పెట్టె, దాని పైన ఉండే గుండ్రం కలిపి కీ. మొదట్లో పెట్టె సన్నగా ఉండి మొత్తం తాళపు రంధ్రంలా కనిపించేది. తర్వాత వెడల్పు చేశారు, పోలిక పోయింది, పేరు నిలిచింది.

ఉచ్చారణలో, స్పెల్లింగ్‌లో చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

దీర్ఘం పలకాలి: ‘కీ’. మంకీ, డాంకీ, టర్కీలలో చివర కనిపించేది ఈ మాట కాదు, అక్కడ స్వరం కుదించి పలుకుతారు. బహువచనానికి ‘ఎస్’ చేరిస్తే చాలు, ‘వై’ ముందు అచ్చు ఉంది కాబట్టి సిటీకి చేసినట్టు ‘ఐ’గా మార్చే పని లేదు. పలికేటప్పుడు మాత్రం చివర ‘జ్’ వినబడాలి. 1700 ప్రాంతం వరకు చాలామంది దీన్ని ‘డే’కి ప్రాసగా ‘కే’ అని పలికేవారు. స్పెల్లింగ్‌లో ఆ ‘ఇ, వై’ ఎందుకున్నాయా అనుకునేవాళ్ళకు కొంత జవాబు అక్కడుంది.

ఓడలు ఆగే చోటును కూడా ‘కీ’ అంటారు. కీ వెస్ట్ అనే ఊరు ఉంది. వీటికి తాళంతో సంబంధం ఉందా?

లేదు. ఓడలకు సరుకు ఎక్కించే రేవుగట్టు పలకడానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ ‘క్యు’తో మొదలయ్యే వేరే మాట. ఫ్లోరిడా కీస్ అంటే చిన్న దీవుల గొలుసు. అక్కడి కీ స్పానిష్ ‘కాయో’, చిన్న దీవి అని. కీ వెస్ట్ స్పానిష్ పేరు కాయో వేసో, అంటే ఎముకల దీవి. ఇంగ్లీషువాళ్ళ చెవికి ‘వేసో’ కాస్తా ‘వెస్ట్’ అని వినబడింది. ఆ దీవుల వరసలో అది పడమటి చివర వైపు ఉండడంతో ఆ పేరు అలాగే ఉండిపోయింది.